ఊరిపేరు మోసిన గొంతులు



బుర్రకథ, జముకులకథ వినిపించే ఈ గరివిడి సీమలో అమెరికా బ్లూస్ గురించి మాట్లాడటానికి కారణం ఉంది. అక్కడి పేద గాయకుల గొంతులు వందేళ్లకు దగ్గరపడినా వినబడుతున్నాయి. మనవాళ్ల గొంతులు ఎన్ని మిగిలాయో ఈ సభలోనే ఆలోచించాలి.

బానిసత్వం రద్దయినా పత్తిచేలలో పాలుకూ కూలికీ చాకిరీ చేసిన నల్లజాతివారి పాట బ్లూస్. 1920లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడుపోయింది. దాంతో రికార్డు కంపెనీలు ఇలాంటి గాయకుల కోసం వెతకసాగాయి. చార్లీ పాటన్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ గొంతులు అలా దక్కాయి. రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో 29 పాటలు రికార్డు చేసి, 1938లో కన్నుమూశాడు. చాలామందికి పాటకింతని ఇచ్చి పంపేశారు, రాయల్టీ లేదు. ఆ అన్యాయాన్ని మరచి ఆ రికార్డులను మెచ్చుకోలేం.

వాద్యాల్లోనూ మనకూ వారికీ పోలిక ఉంది. మిసిసిపీ పల్లెల్లో పిల్లలు గోడకు మేకులు కొట్టి, ఒక్క తీగె బిగించి, దానిమీద సీసా జరుపుతూ వాయించేవారు. మన జముకులకథలో వాయించే జముకుదీ ఒకటే తీగె. గుల్లకు ఒకపక్క తోలు మూసి, దాని నడుమ నుంచి తీగె తీస్తారు. గుల్లను చంకలో ఇరికించుకొని, తీగెను లాగి పట్టి మీటితే శ్రుతి పైకి లేస్తుంది, సడలిస్తే దిగుతుంది. మెట్లు లేని ఆ జారుడులో మనిషి ఏడుపూ నవ్వూ రెండూ పలుకుతాయి. బ్లూస్ గిటారు మీద సీసామెడ జారినప్పుడు పలికేదీ అదే.

మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, తిరిగి పొలం పనుల్లో పడ్డాడు. లోకం అతణ్ణి మరచింది. ‘అవలాన్ బ్లూస్’ పాటలో తన ఊరిపేరు చెప్పుకున్నాడు. ఆ ఒక్క ఆనవాలు పట్టుకొని 1963లో టామ్ హాస్కిన్స్ అనే అభిమాని ఆ ఊరికి వెళితే, హర్ట్ అక్కడే ఉన్నాడు. అదే ఏడు న్యూపోర్ట్ జానపదోత్సవంలో వేలమంది ముందు పాడాడు.

మన గరివిడి లక్ష్మి కూడా ఊరిపేరును తన పేరుకు ముందు పెట్టుకొని బుర్రకథ చెప్పిన కళాకారిణి. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ గ్రామఫోన్ రికార్డుల్లో నిలిచింది. కానీ తెల్లవార్లూ సాగే కథ మూడు నిమిషాల రికార్డులో ఎలా ఇముడుతుంది? ఆ ఇబ్బంది ఇప్పుడు లేదు. జేబులోని ఫోనే రాత్రంతా రికార్డు చేస్తుంది.

కాబట్టి నా విన్నపం ఇది. జముకులకథ, బుర్రకథ, తప్పెటగుళ్లు తెలిసిన పెద్దలను ఊరూరా వెతకండి. కథను ముక్కలు చెయ్యకుండా మొదటినుంచి మంగళం దాకా రికార్డు చెయ్యండి. కథకుల పేరు, వంతల పేర్లు, ఊరు, తేదీ రాసిపెట్టండి. వారి అనుమతి తీసుకొని, చేతికి తగిన పారితోషికం ఇవ్వండి. కాపీలు పంచాయతీ గ్రంథాలయంలోనూ బళ్లలోనూ ఉంచండి. ఊరిపేరు మోసిన గొంతును కాపాడటం ఆ ఊరి బాధ్యత. ఈ పని ఈ ఏడే మొదలుపెట్టాలి.