ఖిద్మత్ - మన జీవిత లక్ష్యం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పంతుళ్లం. మక్సద్ అంటే ఏమిటని అడిగితే మా పిల్లలు ‘లక్ష్యం’ అని ఠక్కున చెబుతారు. మరి నీ మక్సద్ ఏమిటంటే, కొందరు ఇంజనీరు అంటారు, కొందరు దుబాయి అంటారు. అందులో తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి గదా! కాని అది బతుకుతెరువు. బతుకు ఎందుకు అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు మన పట్నంలోనే ఉన్నది.

2012లో దబీర్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర కాళ్లు లేని ఒక పేదరాలు ఆకలికి ఏడుస్తుంటే సయ్యద్ ఉస్మాన్ అజహర్ మఖ్సూసీ గారు చూశారు. తన దగ్గరున్న అన్నం ఆమెకు ఇచ్చారు. ఆయన పెద్ద ధనవంతుడు కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకునే మనిషి. నాలుగేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకుని, ఆకలి బాధ ఎరిగి పెరిగినవారు.

ఇంతవరకు మనమూ చేస్తాం. చేతిలో ఉన్నది ఇచ్చి ఇంటికి వస్తాం. కాని ఆయన అక్కడితో ఆగలేదు. ఆయన భార్య ఇంట్లోనే పదిహేను మందికి వండితే, దబీర్‌పురా ఫ్లైఓవర్ కిందికి తీసుకుపోయి పెట్టారు. అది రోజూ పని అయింది. వచ్చేవారు పెరిగి, ఇంటి పొయ్యి చాలక వంటవాళ్లను పెట్టుకోవలసి వచ్చింది. తరువాత సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి దగ్గర కూడా పెట్టసాగారు. వచ్చినవారి మతం అడగలేదు, తన పనీ మానుకోలేదు.

మొదటిరోజు పెట్టినది జాలితో పెట్టిన అన్నం. మర్నాడు కూడా పెట్టారు చూడండి, అక్కడ ఆయనకు మక్సద్ దొరికింది.

జకాత్ ఏడాదికొకసారి లెక్కగట్టి ఇస్తాం. ఖిద్మత్‌కు మాత్రం రోజూ మనిషి కావాలి. చందా రాయమంటే ముందుకు వచ్చేవారే, ఒక రోగికి తోడుగా ఆస్పత్రికి రమ్మంటే పని ఉందంటారు. మన బౌరంపేట్ చుట్టూ మేడలు లేస్తున్నాయి. వాటిని కట్టే కూలీల పిల్లలు కొందరు ఇసుక కుప్పల మీదే పొద్దు పుచ్చుతున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, వయసు కాగితం లేదని ఏ పిల్లవాడినీ బడి నుండి తిప్పి పంపరాదు. ఆ సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పాలి? చదువుకున్న మనమే గదా!

అందుకని ప్రతి ఆదివారం ఒక గంట మేము ఇస్తాము. బడి దరఖాస్తులు, పింఛను కాగితాలు రాసిపెడతాము. యువకులు తోడు రావాలి. డబ్బు అక్కర్లేదు, ఒక కలం చాలు. మొదటి ఆదివారం వచ్చినవారికి షుక్రియా చెబుతాము. రెండో ఆదివారం కూడా వచ్చేవారి కోసం ఎదురుచూస్తాము.

ఖుదా హాఫిజ్.