పాత గోడకు కొత్త సిమెంటు
(పలమనేరు పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



పలమనేరువారికి మట్టినిగూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఈ సీమ కుమ్మరులు చేసిన మట్టి యేనుగులు, గుఱ్ఱములు దూరపు నగరముల యిండ్ల ముంగిళ్లలో నిలిచియున్నవి. అయినను నేడు మేము కాల్చిన మట్టిని, అనగా ఇటుకను గూర్చియే మాటాడదలచితిమి.

మన జిల్లా యెల్ల దాటినంతనే కోలారు బంగారు గనులున్నవి. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు అచట పని యారంభించిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. చిత్తూరు, ఉత్తరార్కాటు సీమలనుండి వేలకొలది జనులు కూలికై తరలిపోయిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. మన చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట గనియు మూతబడినది. బంగారము కంపెనీలకును ప్రభుత్వములకును చేరినది, చెమట మనది. ఆ చెమటకు సాక్ష్యముగా మిగిలినవి పాడుపడిన కట్టడములే. దేవాలయ ప్రాకారము కూలినచో కన్నీరు విడుచు మనము, కార్ఖానా గోడ కూలినచో ఇటుకలు బండి కెత్తుకొని పోవుచున్నాము!

ఇట్టివి నిలుచునా యని యడుగువారు కలరు. ఇంగ్లండులో ష్రూస్‌బరీ పట్టణమున 1797లో కట్టిన అవిసెనార మిల్లొకటి యున్నది. ఇనుప స్తంభములు, ఇనుప దూలములతో లేచిన మొదటి కట్టడమని దానికి ప్రసిద్ధి. 1987లో పని నిలిచి, ఏండ్ల తరబడి శూన్యముగా పడియుండి, ఇటుక ఇటుక చక్కదిద్దబడి 2022లో మరల తలుపులు తెఱచినది. అంత దూరమేల? చెన్నపట్టణపు చేపాకములో 2012 జనవరిలో అగ్నికాహుతియైన కలస మహలును సున్నముతోనే పునరుద్ధరించిరి. విద్య నశింపలేదు, అడుగువారే కరవైరి.

సిమెంటుపై మాకు పగ లేదు. వంతెనకు, ఆనకట్టకు అది కావలసినదే. కాని సున్నముతో కట్టిన పాత గోడకు అది యమపాశము. అట్టి గోడ తడిని పీల్చును, మరల విడుచును. ఇటుకల నడిమి సున్నము మెత్తనిదగుటచే తడి ఆ సందుగుండ వెలికి పోవును. అచట సిమెంటు పూసితిమా, దారి మూతబడును. తడి ఇటుకలో చిక్కును. అందలి లవణములు ముఖమునకు వచ్చి గట్టిపడి, దానిని పొరలు పొరలుగా రాల్చును. గోడకు చౌడెక్కినదని మనవా రనునది దీనినే. సందు అరిగిన మరల నింపవచ్చును; ఇటుక అరిగిన నేమి చేయుదుము? సందు ఇటుకకంటె మెత్తగా నుండవలె ననుటయే ఈ శాస్త్రమునకు మూలము.

పని కూడ ఓపికతో చేయవలసినది. మొదట నీరు కారుచోట్లు కట్టి, గోడలో వేరూనిన రావిమొక్కలను తీయవలెను. ఇది చేయక పూతకు దిగుట గంపతో నీరు మోయుటయే. చెడిన సున్నమును ఉలితో, చేతితో తీయవలెను. యంత్రము పెట్టిన ఇటుక అంచులు తెగిపోవును. ఇసుకను బలముగా చిమ్మి గోడను శుభ్రపఱచు వారున్నారు. నిప్పు ఇటుకకిచ్చిన గట్టి చర్మము దానితో ఊడిపోవును. ఎంత చదివిన యింజనీర్లు ఈ పని చేయించుట చూచినను మాకు నవ్వును కోపమును ఒకేసారి వచ్చును. పిమ్మట సందులను తడిపి, గానుగసున్నమును లోతునకు కూరి, తడిగోనెలు కప్పి యుంచవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని గట్టిపడును, తొందరపెట్టిన పొడియగును.

కొత్త ఇటుక వేయవలసినచోట పాతదాని కొలత, రంగు చాలవు. పీల్పు కూడ సరిపోవలెను. రెంటిని ఆరబెట్టి తూచి, ఒక దినము నీటనుంచి మరల తూచిన తెలియును. మట్టిపాలు, కాల్పుపాలు మార్చి ఆ పీల్పును కుదుర్చుట కుమ్మరికి, ఇటుక కాల్చువానికి చేతనైన విద్య. వారిని పిలువక, మార్కెట్టు ఇటుకలు మోయించి తెచ్చు కంట్రాక్టునకు మనము పన్ను కట్టుచున్నాము. అంచనా పత్రములో గానుగసున్నమునకు పద్దే లేనిచో తాపీమేస్త్రి మాత్ర మేమి చేయగలడు?

కావున పాత మిల్లుకో గిడ్డంగికో మరమ్మతు తలపెట్టునెడ, పురప్రముఖులు ఆ పత్రమును ముందుగా అడిగి చదువవలెను. తడిపిన సున్నము గుంటలో నెలల తరబడి మాగినగాని మంచి పనికి రాదు. రాబోవు వేసవికి గోడ ముట్టదలచినవారు గుంటను ఇప్పుడే త్రవ్వవలెను.