హైదరాబాదు డిఫెండర్ నయీముద్దీన్

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాడి పేరు అందరూ చెప్పుకుంటారు, పడకుండా ఆపినవాడి పేరు ఎవరికీ పట్టదు. సయ్యద్ నయీముద్దీన్ ఆ ఆపే మనిషి. 1944లో హైదరాబాదులో పుట్టారు. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడింటికీ ఆడారు. ఆ క్లబ్బుల అభిమానులకు ఒకరంటే ఒకరికి పడదు మరి!

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత కెప్టెన్ ఆయనే. కాంస్యం కోసం జపాన్‌తో పోటీ. 1-0తో గెలిచాం. ఒక్క గోలు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడటం తేలిక కాదు, నా లెక్కలో ఆ పతకంలో సగం వాటా డిఫెండర్లదే. అదే ఏడాది అర్జున, 1990లో శిక్షకుడిగా ద్రోణాచార్య అందుకున్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు 1970 తర్వాత మరో పతకం రాలేదు.