మన బడి గాలి – మన పిల్లల లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఫీజులు, పుస్తకాలు, స్కాలర్‌షిప్పుల గురించి మనం ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి మన పిల్లలు రోజుకు ఆరేడు గంటలు బడిలో పీల్చే గాలి గురించి మనవి చేస్తాను.

వుజూ నీటి సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మలినం కలిసి రంగో, రుచో, వాసనో మారితే ఆ నీరు పనికిరాదు. నీటిని అంత శ్రద్ధగా చూసే మనం గాలిని ఎందుకు చూడం? కంటికి కనపడదు గనుక. నిజానికి ఎక్కువ హాని చేసే ధూళికి రంగూ రుచీ వాసనా ఏవీ తెలియవు. రెండున్నర మైక్రాన్ల రేణువు మన తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. అది ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. అటువంటి దాన్ని కొలిస్తేనే తెలుస్తుంది.

"అదంతా ఢిల్లీ బాధ మాస్టారూ, మనకు సముద్రపు గాలి ఉంది కదా" అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. అయ్యా, 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాన్ని అందుకోలేకపోయిన నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 పట్టణాలు చేరాయి. అందులో విజయనగరం ఉంది, శ్రీకాకుళమూ ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం ఈ సన్న ధూళి ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 దాటకూడదన్నది.

గాలిని పరీక్షించడం మనకు కొత్త విద్య కాదు. వెయ్యేళ్ల కిందటి హకీం అల్ రాజీ గురించి ఒక గాథ చెబుతారు. బాగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంచమంటే, ఆయన నగరంలో నాలుగు చోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా చెడిందో అక్కడ కట్టమన్నారట. మా పిల్లలకు ఈ కథ చెప్పి, మాంసానికి బదులు అట్టముక్కలు ఇచ్చాను.

పద్ధతి చాలా సులువు. తెల్ల అట్టమీద ఒక సెంటీమీటరు చదరం గీసి, పలుచగా వాజిలైన్ రాయాలి. ఒకటి గేటు దగ్గర, ఒకటి నల్లబల్ల పక్కన, ఒకటి గది వెనుక, ఒకటి వంటగది దగ్గర, ఒకటి చెట్టు కింద కట్టాలి. ఆరోదాన్ని డబ్బాలో మూసి ఉంచాలి, పోల్చుకోవడానికి. సాయంత్రం భూతద్దంతో చదరంలోని రేణువులు లెక్కపెట్టాలి. ఆనాటి గాలి, వాన, ఊడ్చిన వేళ, చుట్టుపక్కల చెత్త తగలబెట్టారా లేదా అన్నీ పుస్తకంలో రాయాలి. ఎడమ పేజీ ఉర్దూలో, కుడి పేజీ తెలుగులో రాయించాను.

వంటగది అట్టే నల్లగా ఉంటుందని అందరూ అనుకున్నారు. ముందు బెంచీ అమ్మాయి లెక్కపెట్టి, "ఇదేటి సార్, మా బెంచీ దగ్గరే ఎక్కువుంది!" అన్నది. సుద్దపొడి, డస్టరు దులపడం, పిల్లలుండగానే ఊడ్చడం, ఇవీ కారణాలు. తడిగుడ్డతో బల్ల తుడవడం, నీళ్లు చల్లి, పిల్లలు వెళ్లాక ఊడ్చడం మొదలుపెట్టాం. పైసా ఖర్చు లేదు.

ప్రహరీ పక్కన చెత్త తగలబెడుతున్నారని పెద్దలు నోటిమాటగా ఎన్నోసార్లు చెప్పి చూశారు. పిల్లలు తెలుగులో రాసిన పట్టిక తీసుకువెళితే మాత్రం అధికారి కూర్చోబెట్టి చూశారు. ఇప్పుడు బడి వేళల్లో మంట లేదు. రాత్రి వేళ ఇంకా ఉంది. తెలుగులో నోరు విప్పడానికి జంకే మన పిల్లలు ఆ రోజు అంకెలు చూపించి మాట్లాడారు. నాకు అదే పెద్ద సంతోషం.

అట్టముక్కకు పెద్ద ధూళే అంటుతుంది, సన్న ధూళి చిక్కదు. దానికి చిన్న యంత్రం కావాలి, కొన్ని వేల రూపాయలలో దొరుకుతుంది. బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రమూ ఉంది. బయట గాలిలో అది పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు. కిటికీలు మూసి నలభై మందిని కూర్చోబెడితే వెయ్యి దాటడం మామూలే. అప్పుడు పిల్లలకు తూగు వస్తుంది, మనం సోమరులని తిడతాం. 2019లో లండన్‌లో 250 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలు వీపు సంచుల్లో ఇలాంటి యంత్రాలు మోసుకుని బడికి వెళ్లారు. పెద్ద రోడ్డు వదిలి వెనుక వీధుల్లో నడిస్తే పొగ తక్కువని ఆ లెక్క చెప్పింది. మన పిల్లలకూ దారులున్నాయి, సందులున్నాయి.

తల్లులకు ఒక మనవి. పిల్ల దగ్గుతుంటే దిష్టి అని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. ఆయాసంతో వారం మానేసిన ఆడపిల్ల నెల మానేస్తుంది, ఆపైన చదువే మానేస్తుంది. హాజరు పట్టీ పక్కన గాలి పుస్తకం పెడితే, ఏ నెలలో దగ్గు సెలవులు పెరిగాయో కనిపిస్తుంది. అదొక్కటే రుజువు కాదు, కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది.

సంఘాన్ని మూడే కోరుతున్నాను. మన పిల్లలు చదివే బడులు వంతులవారీగా వాడుకోవడానికి ఒక యంత్రం కొనండి. గోడలకు రంగు వేయించే ముందు బిగుసుకుపోయిన కిటికీలు బాగుచేయించండి. వచ్చే వార్షికోత్సవంలో మార్కులకు ఇచ్చే బహుమతితో పాటు, ఏడాది పొడుగునా శ్రద్ధగా రాసిన గాలి పుస్తకానికి ఒక బహుమతి పెట్టండి. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన విద్యార్థి ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. మన పిల్లల పేర్లు అక్కడికీ వెళ్లాలి.

మన రెండు జిల్లాల్లో మనం నూటికి ఒకరం కూడా లేము. తక్కువమంది మాట వినపడాలంటే గొంతు పెంచితే చాలదు, చేతిలో లెక్క ఉండాలి. ఆ లెక్క మన బడికే కాదు, ఆ వీధిలో ఊపిరి పీల్చే ప్రతి ఇంటికీ మేలు చేస్తుంది.