గొంతుకు తగిన పాట
(సమాజ సాయంసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాకు నిర్ణయింపబడిన విషయమును ఆహ్వానపత్రములో చూచి మిత్రులు కొందరు నవ్విరని వింటిని. తెలుగువారి సమాజము, కలకత్తా నగరము, జపానువారి పాటలు: ఈ మూటికిని పొత్తెట్లు కుదురునని వారి సందేహము. నేను సంగీత విద్వాంసుడను కాను. కళాశాలలో చదివినది చరిత్రయు, తెలుగు సాహిత్యమును; కార్యాలయములో వ్రాయునది దస్త్రముల మీది టిప్పణులు. కావున శాస్త్రచర్చకు దిగక, పాడవలెనని కోరికయుండి పాడలేకున్న సామాన్యుని పక్షమున నాలుగు మాటలు మనవి చేసెదను.

మన సభలలో పాడువారెవరు? చిన్ననాటినుండి శిక్షణ పొందిన నలుగురైదుగురు. తక్కినవారము చప్పట్లు కొట్టువారము. పేర్లిచ్చినవారిలో సగముమంది తమ వంతు వచ్చునప్పటికి వరండాలో టీ త్రాగుచు కనబడుదురు. వీరు పాడలేనివారని నేను నమ్మను. ఇంటిలో కూరలు తరుగుచు, బట్టలు మడతపెట్టుచు పాడుకొనువారే. ఐనను వేదిక యెక్కునప్పటికి ఏరికోరి కష్టమైన పాటను పట్టుకొందురు. ‘శంకరాభరణం’ చిత్రములోని పాటలు గాని, ఘంటసాలవారి పద్యములు గాని తప్ప మరొకటి సభకు తగదని మనలో ఒక భ్రమ కలదు. తారస్థాయికి వచ్చునప్పటికి గొంతు చీలును. వెనుక వరుసలో ఎవరో చిన్నగా నవ్వుదురు. అట్లు వేదిక దిగినవారు మరల ఎక్కుట అరుదు.

ఇది చిన్న నష్టము కాదు. మన పిల్లలు బడిలో ఆంగ్లము, హిందీ, వంగభాష చదువుచున్నారు. వారి చెవికి తెలుగు చేరు దారులు రెండే: అమ్మమ్మతో ఫోనులో మాట, ఇంటిలో పాట. అమ్మమ్మలు కలకాలముండరు. ఇంటి పెద్ద పాడుట మానుకొన్నచో ఆ రెండవ దారియు మూసికొనిపోవును. ఒకప్పుడు ఆకాశవాణివారు ‘ఈ మాసపు పాట’ యని లలితగీతములను శ్రోతలకు ఓపికగా నేర్పెడివారు. అందు నేర్చినవారు విద్వాంసులు కాలేదు గాని, పాడుటకు సిగ్గుపడని గృహస్థులైరి.

ఇక జపాను సంగతి. ‘కర’ యనగా శూన్యము. ‘ఒకె’ యనునది ఆర్కెస్ట్రా యను మాటకు వారు చేసికొన్న కుదింపు. వాద్యములుండి గాయకుడు లేని పాట యని భావము. ఈ యంత్రమును 1971లో కోబె నగరమున ఇనోఉఎ దైసుకె యను వాద్యకారుడు తయారుచేసెను. అతడు పానశాలలలో అతిథులు పాడుచుండగా వెనుక వాయించి జీవించువాడు. వ్యాపారస్థుడొకడు తాను పోవు విహారయాత్రకు తోడురమ్మని కోరెను. ఇతనికి తీరిక లేదు. ఆ పెద్దమనిషికి తాళము నిలువదు. ఏ చోట వెనుకబడునో, ఏ చోట తొందరపడునో ఎరిగియున్న ఇనోఉఎ అతని గొంతుకు సరిపడు శ్రుతిలో, అతని నడకకు సరిపడు వేగముతో వాయించి, టేపుపై ముద్రించి ఇచ్చెను. ఆ టేపునుండియే యంత్రము పుట్టినది. మొదట పదకొండు పెట్టెలు చేసి అద్దెకిచ్చెను. పేటెంటు మాత్రము తీసికొనలేదు. లోకమంతయు లాభపడినది. అతనికి 2004లో హాస్యమునకిచ్చు ఇగ్నోబెల్ శాంతి బహుమానము లభించినది. ఒకరినొకరు సహించుటకు మానవులకు క్రొత్త మార్గము చూపెనట!

ఈ కథలో నన్నాకర్షించిన దొక్కటే. మొట్టమొదటి ముద్రణము చక్కగా పాడలేనివాని కొరకు జరిగినది. వాద్యము మనిషిని అనుసరించినది. మనమిప్పుడు దానిని తలక్రిందులు చేసితిమి. ప్రసిద్ధ గాయకుని శ్రుతిలోనున్న వాద్యమును ఫోనులో పెట్టి, దాని వెంట పరుగెత్తి ఆయాసపడుచున్నాము. మన పాత హార్మోనియము మాస్టరు పాడువాడు దమ్ము తీసికొనువరకు ఒక స్వరమును పట్టుకొని నిలిచెడివాడు. యంత్రము నిలువదు. నిలువనిదానితో పాడునపుడు పాట యెన్నిక మరింత జాగ్రత్తగా జరుగవలెను.

జపాను పాటలే యేలయందురా? మన సభ్యుల పిల్లలు కొందరు ఆ భాష నేర్చుకొనుచున్నారు. కొందరు సహోద్యోగులు శిక్షణకై అచ్చటికి పోవుచున్నారు. పగలు సమావేశము ముగిసిన పిదప రాత్రి పాటల గదికి పిలుచుట అచ్చట మర్యాదలలో నొకటి. ఆ గదిలో అతిథి వారి భాషలో ఒక్క చరణము పాడినను ఆతిథేయులు పొందు సంతోషము ఇంతింత యనరానిది. బాగుగా పాడితిరా లేదా యని ఎవరును లెక్కింపరు.

పైగా ఆ భాష మన నోటికి దగ్గర. మనది అజంతభాష; వారి మాటలును అచ్చుతో గాని, న-కారపు ధ్వనితో గాని ముగియును. హ్రస్వదీర్ఘ భేదము మనకువలెనే వారికిని ప్రాణము. ‘ఒబసన్’ అనిన పిన్నివంటి స్త్రీ, ‘ఒబాసన్’ అనిన అవ్వ. దీర్ఘము తప్పినచో ఎవరికి కోపము వచ్చునో చెప్పనక్కరలేదు. ఇంకొక వింత గలదు. బడిలో మనము నేర్చిన గురులఘువుల లెక్కయే వారి పాటకును లెక్క. దీర్ఘమునకు రెండు మాత్రలు. ద్విత్వమునకు ముందున్న అక్షరమునకు రెండు. సున్నతో కూడిన అక్షరమునకు రెండు. ‘తోక్యో’ యనగా రెండు గురువులు, నాలుగు మాత్రలు. ‘నిప్పొన్’ అనినను నాలుగే. వారి హైకు కవితలోని అయిదు, ఏడు, అయిదు అను లెక్కయు ఈ మాత్రలదే. పాటలో సామాన్యముగా మాత్రకొక స్వరము పడును. ద్విత్వమువద్ద ఒక మాత్ర మౌనముగానో ముందటి అచ్చు సాగుటగానో పోవును. ఆంగ్లేయుడు ఇక్కడ తడబడును. యతిప్రాసలతో కుస్తీపట్టిన మనకు భయమేల?

ధ్వనులలో ‘ౘు’ ఒకటి గలదు. ఆంగ్లములో వ్రాసినప్పుడు మూడక్షరములుగా కనబడి బెదరించును గాని, మనము ‘చుట్టము’ అనునప్పుడు పలుకు దంత్య చకారమునకు మిక్కిలి దగ్గర. ఈ అక్షరమును మన వర్ణమాలనుండి తొలగించిన పెద్దలు జపాను పాట పాడువారికి కొంత అపకారము చేసిరనుకొందును. వారి ర-కారము రేఫకును లకారమునకును నడుమ నుండును. తేలికగా నాలుకకొన తాకించి విడచిన చాలును. ‘ఫు’ అనునది పెదవులతో దీపమార్పినట్లు పలుకవలెను. ఇంతకంటె చిక్కులేదు. పాటను తెలుగులిపిలో వ్రాసికొనుడు, ఆంగ్లలిపిని నమ్మకుడు.

ఇక స్వరముల మాట. జపానువారి పాత లలితగీతములలో ‘యొననుకి’ యను స్వరవరుస విరివిగా కలదు. ‘నాలుగును ఏడును తీసివేసినది’ యని దాని యర్థము. శంకరాభరణ స్వరములలో నాలుగవదియగు మధ్యమమును, ఏడవదియగు నిషాదమును తీసివేయుడు. మిగిలిన దేమి? స రి గ ప ద. మన మోహన! శాస్త్రజ్ఞులు మోహనను హరికాంభోజి జన్యమందురు గాని, తీసివేసిన పిదప మిగులు స్వరములవే. పొరుగింటి వంగసోదరులు భూపాలి యందురు. ‘మాయాబజార్’ (1957) చిత్రములోని ‘లాహిరి లాహిరి’ పాటను కూనిరాగము తీయగలవారు ఈ వరుసకు క్రొత్తవారు కారు.

ఈ వరుసలో ప్రధానముగా నడచునది ‘ఉఎ ఒ ముఇతె అరుకో’. తల పైకెత్తి నడతమని పేరునకు భావము. కన్నీరు క్రింద పడకుండుటకట! 1961లో సకమొతొ క్యూ పాడెను. రచన ఎఇ రొకుసుకె. సంగీతము నకముర హచిదయి. 1960లో అమెరికాతో భద్రతా ఒడంబడికకు వ్యతిరేకముగా సాగిన ఉద్యమము విఫలమైనప్పటి నిరాశ ఆ రచనకు మూలమని చెప్పుదురు. 1963లో ఈ పాట అమెరికా జాబితాలో మూడు వారములు ప్రథమస్థానమున నిలిచినది. పాశ్చాత్యులు దీనికి పెట్టిన పేరు ‘సుకియకి’. అది గొడ్డుమాంసపు వంటకము పేరు. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. విరహగీతమునకు పులిహోర యని పేరుపెట్టినట్లున్నది. సకమొతొ 1985 ఆగస్టు 12వ తేదీన ఒసాకాకు పోవుచు, 520 మంది మరణించిన విమాన ప్రమాదములో అసువులు బాసెను. ప్రారంభకులకు నేను మొదట చెప్పునది ఈ పాటయే. నడక నిలకడగా నుండును, గమకములు లేవు, నడుమ ఈలవేయు చోటు కలదు. మాటలు మరచినను ఈల మరువము గదా. నడిమి చరణమున మాత్రము మోహనకు బయటి స్వరములు వచ్చును. అచ్చట చెవియొగ్గి నాలుగుసార్లు వినుడు.

అంతకంటె సులభమైన దొకటి, కలకత్తావారికి వినకమునుపే వచ్చినది, కలదు. స్కాట్లండు దేశపు ‘ఆల్డ్ లాంగ్ సైన్’ వరుసను రవీంద్రులు ‘పురానొ శేఇ దినేర్ కథా’ యను గీతమునకు ఆధారము చేసికొనిరి. ఈ నగరమున ఆ పాట తెలియని యిల్లు లేదు. అదే వరుసకు జపానువారు 1880ల ఆరంభమున తమ పాఠశాలల కొరకు మాటలు కట్టుకొని ‘హొతరు నొ హికరి’, అనగా మిణుగురుల వెలుగు, అని పేరు పెట్టిరి. చదువు ముగించి బడి విడచు దినమున పాడుకొను వీడ్కోలు పాట అది. 1902లో ఒకకురా తెన్షిన్ ఈ నగరమునకు వచ్చి ఠాకూరు కుటుంబముతో స్నేహము చేసెను. 1916లో రవీంద్రులు జపాను వెళ్లిరి. వారికంటె ముందుగనే ఒక రాగము ఇరుదేశములలోను కాపురము పెట్టినదన్నమాట. అదియు మోహన స్వరములదే. బదిలీపై పోవు సహోద్యోగికి వీడ్కోలు చెప్పునపుడు వంగసోదరులు వారి మాటలతో, మనము జపాను మాటలతో కలిసి పాడవచ్చును.

మూడవది 1989 జనవరిలో వెలువడిన ‘కవ నొ నగరె నొ యో ని’. నదీప్రవాహమువలె యని భావము. మిసొర హిబరి తన జీవితకాలమున వెలువరించిన కడపటి రికార్డు పాట. అదే సంవత్సరము జూనులో ఆమె మరణించెను. పల్లవికి ముందు గొంతు మాటాడినంత క్రిందుగా నడచును. వయసు మీరినవారికి హాయి. పల్లవి పైకి పోవును గనుక శ్రుతి తగ్గింపక తప్పదు. నాలుగవది ‘నద సోసో’. మొరియమ రియొకొ చిన్నవయసున పోయిన తన అన్నను తలచికొని వ్రాసినది. సంగీతము ఒకినావా దీవుల ‘బిగిన్’ బృందమువారిది. 2001లో నౘుకవ రిమి పాడిన పిదప దేశమంతటను వ్యాపించినది. మనవారిలో తోబుట్టువును పోగొట్టుకొన్నవారు దీని యర్థము తెలిసికొనిన పిదప పాడుట కష్టమని ముందుగనే హెచ్చరించుచున్నాను. ఆ కష్టము గొంతుకు సంబంధించినది కాదు.

నెమ్మదిగా నడచు పాటలన్నియు సులభములు కావు. ఉతద హికరు 1999లో పాడిన ‘ఫస్ట్ లవ్’ వినుటకు మెత్తగా నుండును. పాడబోయిన, మాట ఎచ్చట మొదలగునో అంచనాకు దొరకదు. గొంతు ఛాతీనుండి సన్నని పైస్వరమునకు క్షణములో జారవలెను. ‘ఎన్‌క’ యను ప్రాతబాణీ పాటలలో ‘కొబుషి’ యను స్వరకంపనము గలదు. మన గమకమునకు పినతల్లి బిడ్డ. కర్ణాటక సంగీతము నేర్చిన మన సోదరీమణులు దానిని ప్రయత్నింపవచ్చును. నావంటివారు దూరముగా నమస్కరించుట మేలు.

పాట నెన్నుకొనుటకు నేను పాటించు పద్ధతి చెప్పెదను. హార్మోనియము ముందు కూర్చుండి, మీరు శ్రమలేకుండ పలుకగల అట్టడుగు స్వరమును, మొగము చిట్లింపక అందుకొనగల పైస్వరమును గుర్తుపెట్టుకొనుడు. లాల్‌బజారు దుకాణములున్న ఈ నగరములో హార్మోనియమునకు కరవులేదు. తరువాత పాటలో మొదటి చరణమును కాదు, మిక్కిలి పైకి పోవు చోటును వెదకి అదే మొదట పాడి చూడుడు. అందనిచో యంత్రములో శ్రుతిమార్చు మీట నొక్కుడు. ఒక్కొక్క నొక్కునకు ఒక స్వరస్థానము దిగును. స్త్రీలు పాడిన పాటను పురుషుడు పాడవలెనన్న నాలుగైదు నొక్కులు పట్టవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఇనోఉఎ మొదటి టేపునందు చేసినది ఇదియే. దమ్ము ఎచ్చట తీయవలెనో కాగితముమీద గీత గీసికొనుడు. వేగము తక్కువయైనకొలది దమ్ము ఎక్కువ కావలెను.

మా విభాగములో విశ్రాంతికి చేరువైన పెద్దలొకరు నన్నడిగిరి: “బాగుగానే యున్నదయ్యా, ఈ శ్రమయేదో తెలుగుపాటకే పడరాదా?” పడవచ్చునండీ, పడవలెను కూడ. ఐతే నేను గమనించిన దొకటి. తెలుగుపాట పాడునపుడు సభలోని ప్రతివారి చెవిలోను ఘంటసాలవారో, సుశీలగారో ఉందురు, పోలిక తప్పదు. జపాను పాటకు మన సభలో ఆ పోలిక లేదు. తప్పు పట్టువారు లేరు గనుక భయము లేదు. ఈ చలికాలమున ఇద్దరు సభ్యులు, ఎన్నడును వేదిక యెక్కనివారు, ‘ఉఎ ఒ ముఇతె అరుకో’ను ఈలతో సహా పాడిరి. వారిలో ఒకరు మరుసటి నెలలో తమంతట తాము పేరిచ్చి, రెండు నొక్కులు శ్రుతి తగ్గించి, ‘లాహిరి లాహిరి’ పాడిరి. వారి కుమార్తె ఏడవ తరగతి బాలిక. తండ్రి పాడుట మొదటిసారి విన్నదట. ఇప్పుడు ఆ పాట మాటలను తెలుగులో వ్రాయించుకొని చదువుచున్నది.

నేను చెప్పిన నాలుగు పాటలను తెలుగులిపిలో వ్రాసి, మాత్రల గుర్తులును, దమ్ము గీతలును పెట్టి, ప్రతులు తీయించి ద్వారమువద్ద బల్లపై ఉంచితిని. వచ్చే నెల సభలో ‘హొతరు నొ హికరి’తో ప్రారంభింతము. శ్రుతి మూడు నొక్కులు తగ్గించి యుంచెదము. పాడదలచినవారు దయచేసి వరండాలో కాక ముందు వరుసలో కూర్చుండవలెనని ప్రార్థన.