నెరో వేరు, నీరు వేరు
(సాహిత్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రీసు దేశంలో దాహమేస్తే 'నెరో' అని అడగాలి. కేరళలో నీటికి 'నీర్' అనే మాట ఉంది. మనకు నీరు. ఈ మూడింటినీ వరసగా పేర్చి "చూశారా, గ్రీకులకు నీళ్ళు నేర్పింది కూడా మనవాళ్ళే" అనే సందేశం ఏడాదికి ఒకసారైనా నా ఫోనులో ప్రత్యక్షమవుతుంది. పంపేవాళ్ళు నాకు ఆప్తులే. వాళ్ళు దాన్ని ఇంట్లో పిల్లలకూ చెబుతారు. ఆ పిల్లలే రేపు కాలేజీలో భాషాశాస్త్రం క్లాసులో కూర్చుని ఇది తప్పని తెలుసుకుంటే, తెలుగు గురించి మనం చెప్పిన నిజాలను కూడా అదే బుట్టలో పడేస్తారు. ఆ భయంతోనే గ్రీకు, మలయాళ భాషల పోలిక అనే అంశం ఎంచుకున్నాను. నేను పండితుణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, పొట్టకూటికి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం మా వృత్తిలో రోజువారీ పని.

ముందు నీళ్ళ సంగతి తేల్చేద్దాం. ప్రాచీన గ్రీకులో నీటిని 'హుదోర్' అనేవారు. అప్పుడే తెచ్చిన తాజా నీళ్ళు 'నెయరోన్ హుదోర్'. నాలుకల మీద నలిగి నలిగి హుదోర్ రాలిపోయింది, తాజా అన్న విశేషణమే 'నెరో'గా మిగిలింది. మనం మంచినీళ్ళలో నీళ్ళు వదిలేసి "కాసిని మంచివి ఇవ్వమ్మా" అన్నట్టన్నమాట! అంటే నెరోలో మన నీరు చుక్క కూడా లేదు. ఆ మాటకొస్తే కేరళలో దాహమేసినవాడు మామూలుగా అడిగేది 'వెళ్ళం', మన వెల్లువకు చుట్టం. హుదోర్‌కు అసలైన చుట్టాలు సంస్కృతంలో ఉదకం, ఇంగ్లీషులో వాటర్.

మరి చుట్టరికం ఎలా తెలుస్తుంది? ఒక్క మాట పోలితే చాలదు. తేడా కూడా ఒక పద్ధతి ప్రకారం ఉండాలి. సంస్కృతంలో మాట మొదట 'స' ఉన్నచోట ప్రాచీన గ్రీకులో తరచు 'హ' వస్తుంది. సప్త అక్కడ హెప్త. పాకే సర్పం అక్కడ పాకే 'హెర్పెతోన్'. ఇప్పుడు మన ఇంటికి రండి. మలయాళంలో 'ఴ' అనే ధ్వని ఉంది. నాలుక వెనక్కి మడిచి పలికేది, మనకు ఓ పట్టాన పలకదు. మన పాత శాసనాల్లో ఆ అక్షరం ఉండేది, తర్వాత పోయింది. మలయాళంలో ఆ ధ్వని ఉన్నచోట మనకు చాలాసార్లు 'డ' వస్తుంది. వాళ్ళ ఏఴు మన ఏడు. వాళ్ళ కోఴి మన కోడి. చోఴులు మన దగ్గర చోడులయ్యారు. గ్రీకు సంస్కృతంతో, మలయాళం తెలుగుతో ఇలా వరసలు కలుపుతాయి గానీ, గ్రీకుకూ మలయాళానికీ మధ్య ఇటువంటి సూత్రం ఒక్కటీ దొరకదు. ఒకటి ఇండో యూరోపియన్ కుటుంబం, రెండోది ద్రావిడం.

చుట్టరికం లేదు కాబట్టి చెప్పుకోడానికేమీ లేదనుకుంటే పొరపాటే. నాకు ముచ్చటగా అనిపించేవి చుట్టరికం లేని పోలికలే. 'నేను వచ్చాను' అనడానికి బదులు మనం ఉత్త 'వచ్చాను' అంటే చాలు. వచ్చావు, వచ్చాడు, వచ్చాం. ఎవరు వచ్చారో క్రియే చెప్పేస్తుంది. గ్రీకులోనూ అంతే. 'ఇర్థా' అంటే వచ్చాను, 'ఇర్థెస్' అంటే వచ్చావు, 'ఇర్థె' అంటే వచ్చాడు లేదా వచ్చింది. మలయాళం మాత్రం ఈ తోకలన్నీ కత్తిరించేసింది. ఞాన్ వన్ను, నీ వన్ను, అవన్ వన్ను, అవళ్ వన్ను. వచ్చింది ఎవరైనా సరే, 'వన్ను' ఒక్కటే. ఎ.ఆర్. రాజరాజవర్మ 1896లో వెలువరించిన 'కేరళ పాణినీయం'లో, మలయాళాన్ని తమిళం నుంచి వేరుచేసిన ఆరు లక్షణాలలో దీన్నీ ఒకటిగా లెక్కపెట్టాడు. చూడండి, తోబుట్టువు లాంటి భాష ఒక దారిన పోతే, ఏ సంబంధమూ లేని భాష ఈ విషయంలో మన పక్కన నిలబడింది. పోలిక వేరు, పుట్టుక వేరు అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇటువంటిదే మరొకటి. మనం 'నాకు ఇష్టం' అంటాం. మలయాళీ 'ఎనిక్కు ఇష్టమాణు' అంటాడు. గ్రీకువాడు 'మూ అరేసి' అంటాడు, అంటే 'నాకు నచ్చుతుంది'. ఇష్టపడే మనిషి కర్త స్థానంలో లేకుండా మూడు భాషల్లోనూ పక్కకు తప్పుకున్నాడు. అచ్చుల్లోనూ ఓ విశేషముంది. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. మనకూ మలయాళానికీ ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ ఉన్నాయి. ప్రాచీన గ్రీకుకూ ఉండేవి. 2021లో వచ్చిన వైరస్ పుణ్యమా అని ఒమిక్రోన్ పేరు అందరికీ తెలిసిపోయింది. ఆ పేరుకు అర్థం చిన్న ఒ. ఒమెగా అంటే పెద్ద ఓ. నేటి గ్రీకులో ఆ హ్రస్వ దీర్ఘాల తేడా పలుకులో లేదు, రాతలో మాత్రం ఉంది.

ఇక ఇచ్చిపుచ్చుకోవడాల మాట. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు ప్రాంతపు వర్తకుడెవరో గ్రీకులో రాసిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అనే పుస్తకంలో, మిరియాల కోసం ఓడలు చేరే ముజిరిస్ రేవు కనిపిస్తుంది. అది పెరియార్ నది ముఖద్వారం దగ్గరి ముచిరి. (అదే పుస్తకంలో మన కోస్తా 'మసలియ' అన్న పేరుతో, సన్నబట్టలకు ప్రసిద్ధిగా ఉంది.) వియన్నాలోని జాతీయ గ్రంథాలయంలో రెండవ శతాబ్దపు గ్రీకు పపైరస్ ముక్క ఒకటుంది. ముజిరిస్ వ్యాపారానికి తీసుకున్న అప్పు షరతులు ఒకవైపు, 'హెర్మపొల్లోన్' అనే ఓడ తెచ్చిన జటామాంసి, ఏనుగు దంతాల లెక్క రెండోవైపు. సాహిత్యం కాదు, పద్దుల కాగితం. నాకు మాత్రం కావ్యం కంటే అదే ఎక్కువ నమ్మకమిస్తుంది.

సరుకుతోపాటు మాటలూ ఓడెక్కాయి. గ్రీకులో అల్లం 'జింగిబెరిస్'. అది ప్రాకృత 'సింగివేర' నుంచి వెళ్ళింది. దాని వెనక ద్రావిడ 'ఇంచి' అనే అల్లం, 'వేర్' అనే వేరు ఉన్నాయంటారు. మలయాళంలో ఇప్పటికీ అల్లం ఇంచే. 'పెపెరి' అన్నది మన పిప్పలి. కానీ బియ్యానికి గ్రీకు మాట 'ఒరుజా' అరిసి నుంచే పుట్టిందని ఢంకా బజాయించకండి. ఇరానియన్ భాషల మీదుగా వెళ్ళిందనే వాదనకు బలం ఎక్కువ. ఇంకో సంగతి, ఆనాటికి మలయాళం విడి భాషగా ఇంకా ఏర్పడలేదు. దాని తొలి శాసనంగా చెప్పే వాఴప్పళ్ళి రాగి రేకు తొమ్మిదవ శతాబ్దానిది. కాబట్టి గ్రీకులు విన్నది మలయాళం కాదు, దాని తల్లి భాష.

అటునుంచి ఇటు వచ్చిన మాటలు ఓడలో రాలేదు, ప్రార్థనలో వచ్చాయి. కేరళలో సిరియన్ సంప్రదాయపు చర్చిలకు వెళ్తే, ఆరాధన మధ్యలో సేవకుడు 'స్తౌమెన్ కాలోస్' అంటాడు. జనం 'కురియెలైసోన్' అని బదులిస్తారు. రెండూ నిఖార్సయిన గ్రీకే. సరిగ్గా నిలబడదాం అని మొదటిది, ప్రభూ దయ చూడు అని రెండోది. గ్రీకు నుంచి సిరియాక్‌లోకి, అందులోంచి మలయాళం ప్రార్థనలోకి చేరాయి. ముజిరిస్‌లో దిగిన వర్తకుల మాటలేవీ వాడుకలో మిగల్లేదు గానీ, చుట్టూ తిరిగి వచ్చిన ఈ రెండూ వందల ఏళ్ళుగా పల్లెటూళ్ళలో సైతం నోటికి వచ్చేస్తాయి. మన పిల్లలు అర్థం తెలియకపోయినా శ్లోకాలు అప్పజెప్పినట్టే. అర్థం తెలిస్తే ఇంకా బాగుంటుందన్నది నిజమే. కానీ అలా అప్పజెప్పడాన్ని చులకన చేయడానికి నాకు మనసొప్పదు.

చివరగా నా వృత్తికి దగ్గరి ముచ్చట. గ్రీకు చిన్నబడి అక్షరాల్లో 'సిగ్మా'కు రెండు రూపాలు. మాట చివర వస్తే ఒకటి, మరెక్కడైనా ఇంకొకటి. పెద్దబడిలో మాత్రం ఒక్కటే. పెద్దబడిని చిన్నబడిగా మార్చే ప్రోగ్రాముకు మాట ఎక్కడ ముగిసిందో తెలియాలి, లేకపోతే తప్పు అచ్చవుతుంది. మలయాళంలో అచ్చు అంటని కొన్ని హల్లులకు 'చిల్లు' అనే విడి రూపాలున్నాయి. 2008లో యూనికోడ్ 5.1 వచ్చేదాకా వాటికి సొంత సంకేతాలు లేవు. హల్లు, విరామ చిహ్నం, ఆ తర్వాత కంటికి కనబడని ఒక అతుకు గుర్తు, ఇలా మూడింటితో నెట్టుకొచ్చేవారు. కనబడనిదాన్ని లెక్కచేయకపోవడం ప్రోగ్రాములకు అలవాటు. అది జారిపోతే మాటే మారిపోతుంది. దీని మీద మలయాళీ ఇంజనీర్లు ఏళ్ళ తరబడి రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. అప్పుడు తరచు చూపిన ఉదాహరణ ఒకటుంది. 'వన్' అంటే పెద్ద, 'యవనిక' అంటే తెర. వన్ యవనిక, పెద్ద తెర. ఆ గుర్తు పోయిందంటే 'న్' కింద 'య' అతుక్కుని 'వన్యవనిక' అవుతుంది, అడవిలో తోట!

మనకూ ఈ బాధ కొంత ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ తర్వాత కనబడని గుర్తు ఒకటి పెడతాం. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అయి, వకారం వత్తై కిందికి దిగుతుంది. మనకు రూపమే చెడుతుంది, వాళ్ళకు అర్థమే చెడింది. అన్నట్టు, తెరకు యవనిక అన్న పేరు యవనుల వల్ల, అంటే గ్రీకుల వల్లే వచ్చిందని కొందరు పండితులంటారు. కాదు, అసలు మాట 'యమనిక' అని మరికొందరంటారు. ఆ తగువు ఇంకా తెగలేదు.