గోలకొండ కొలువులో మతము
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన బిడ్డలు చరిత్రను హిందూ రాజ్యము, ముసల్మాను రాజ్యము అని రెండు గళ్లుగా గీచికొని చదువుచున్నారు. పరీక్షకు అది చాలును. కాని ఈ రాయపురపు నేల కథయే ఆ గళ్లలో ఇముడదు. ఇచ్చటికి దక్షిణమున ఇంగ్లీషువారి కోటకు 1639లో అనుమతి నిచ్చినవాడు విజయనగర సామంతుడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. కొలది యేండ్లలోనే ఈ సీమ గోలకొండ వశమైనది.

ఆ గోలకొండ వంశమున ఇబ్రహీం కుతుబ్ షా అన్న జంషీదునకు వెరచి, విజయనగరమున అళియ రామరాయల కడ ఏడేండ్లు తలదాచుకొనెను. 1550లో రాజైన పిదప తెలుగు కవులను పోషించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మిచ్చెను. మనవారు ఆయనను మల్కిభరాముడని పిలుచుకొనిరి. అట్టివాడే 1565లో తక్కిన సుల్తానులతో గూడి, అన్నము పెట్టిన రామరాయలపైకి నడచెను. మతము వారిని కలిపినదందురు. కాదనను. కాని రామరాయలు వారిని ఒకరిపై నొకరిని ఉసికొల్పుచు పెంచిన పగ చిన్నది కాదు. పైగా అహమ్మదునగరు సుల్తాను తన కూతురు చాందుబీబీని బిజాపురమున కిచ్చి వియ్యమందినగాని ఆ కూటమి కుదురలేదు!

తానాషా కాలమున మతము కలుపలేనిదానిని కొలువు కలిపినది. సుల్తాను షియా, మంత్రులు మాదన్న, అక్కన్నలు బ్రాహ్మణులు. ఫర్మానాలలో పారసీకముతోపాటు తెలుగును వ్రాయబడెను. పూనమల్లిలో ఆ మంత్రుల బంధువగు లింగప్పతో చెన్నపట్టణపు ఇంగ్లీషువారు వేగలేకపోయిరి.

ఔరంగజేబునకు ఈ కొలువు కంటగింపైనది. బ్రాహ్మణుల కధికారమిచ్చుట నేరమనెను. రావలసిన కప్పపు బాకీలను మాత్రము మరువలేదు. తోటి ముసల్మానులపై యుద్ధము ధర్మము కాదని ఆయన ఖాజీయే పదవి వదలుకొనెను. మొగలు సేన మీదికి రాగా, కొలువులోని కొందరు ఆ సోదరులను వీధిలో చంపించి, మాదన్న తలను శత్రువుల శిబిరమునకు పంపిరి. అయినను గోలకొండ దక్కలేదు. ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట 1687లో లంచము తిని తలుపు తీసినవాడు అబ్దుల్లా ఖాన్. ఒడలెల్ల గాయములతో కడవరకు పోరాడినవాడు అబ్దుర్ రజాక్ లారీ. ఇరువురును ముసల్మానులే.

సెలవులలో బిడ్డలను గోలకొండకు తీసికొనిపోవువారు ఫతే దర్వాజా కడ ఒకింతసేపు నిలిచి, ఈ రెండు పేర్లును వారికి చెప్పుడు.